అరవై ఒకటో పేజీ

స్కూల్లో అందరికీ ఆవిడ లైబ్రరీ మేడం. ఇంట్లో ఒక్కరికి మాత్రం పిన్ని. మనకి స్కూలు గొడవ కన్నా ఇంటి గొడవే ముఖ్యం కాబట్టి మనమూ పిన్ని అనే అందాం.

పిన్ని దగ్గర ఉంటున్నది అక్క కూతురు. పన్నెండేళ్ళు నిండాయి, ఏడో తరగతి. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉందని బుల్లి అన్నారు. ఇప్పుడు పిన్ని చెవుల దాకా వచ్చింది, పేరు మాత్రం అక్కడే ఆగిపోయింది. అక్క పోయి పదమూడు నెలలైంది. బావ ఓడల మీద ఇంజన్ల పని చేస్తాడు. ఏడాదిలో రెండు నెలలు నేల మీద ఉంటాడు, ఆ రెండు నెలలూ నేల ఊగుతున్నట్టే నడుస్తాడు. అందుకని బుల్లి తన బట్టలు, పుస్తకాలు, ఒక విరిగిన గొడుగు తీసుకుని పిన్ని ఇంటికి వచ్చేసింది. రెండు గదులు, ఒక వంటిల్లు, కిటికీ తీస్తే ఎదురుగా లాండ్రీ షాపు.

అక్క పోయిన రోజు నుంచి ఆ పిల్ల పిన్నిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఏడవలేదు. పేచీ పెట్టలేదు. ఏం చెప్పినా "సరే" అంటుంది. పాలు తాగమంటే సరే. టీవీ కట్టెయ్యమంటే సరే. పుచ్చిపోయిన పన్ను పీకించుకోమంటే, దానికీ సరే. చుట్టాలందరూ "ఎంత బుద్ధిమంతురాలో!" అని మెచ్చుకుని వెళ్ళారు. ఆ మాట వింటే పిన్నికి ఒళ్ళు మండుతుంది. ఇదే పిల్ల పూర్వం జడ వేస్తుంటే ఇల్లు పీకి పందిరి వేసేది. అబ్బా నొప్పి, వదులు, చంపేస్తున్నావ్ అని వీధి చివరి దాకా వినపడేది. ఇప్పుడు చిక్కు ఎంత లాగినా ఉలుకూ పలుకూ ఉండదు, గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. ఈ పిల్ల తనని నమ్మడం మానేసిందని పిన్నికి తెలుసు. ఎందుకు మానేసిందో కూడా తెలుసు. తెలిసిన సంగతిని పదమూడు నెలలుగా నోట్లో దాచుకుని తిరుగుతోంది.

ఇక పుస్తకం దగ్గరికి వద్దాం.

ఆ స్కూలు లైబ్రరీలో ప్రతి పుస్తకానికీ వెన్ను మీద ఒక రంగు బిళ్ళ అంటిస్తారు. ఆకుపచ్చ అయితే అందరూ చదవచ్చు. పసుపు అయితే పన్నెండు నిండినవాళ్ళు. ఎరుపు అయితే టీచర్లు మాత్రమే, అవి ఇనప బీరువాలో ఉంటాయి, తాళంచెవి పిన్ని దగ్గర ఉంటుంది. ఆ బీరువాలో ఏమేం ఉన్నాయో పిల్లలందరికీ కంఠతా వచ్చు, అది వేరే విషయం. ఏ రంగు వెయ్యాలో తేలని పుస్తకం వస్తే ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంటుంది. నాలుగేళ్ళ క్రితం ఒక దెయ్యాల పుస్తకం చదివి ఎవరో పిల్లాడు పక్క తడిపితే, వాళ్ళమ్మ సాక్ష్యానికి ఆ దుప్పటి పట్టుకుని ఆఫీసు గదికి వచ్చింది. ఆ దుప్పటిలోంచే కమిటీ పుట్టింది.

సభ్యులెవరయ్యా అంటే, స్కూలు తరఫున లెక్కల మాస్టారు, తల్లిదండ్రుల తరఫున ఒక పళ్ళ డాక్టరు, లైబ్రరీ తరఫున పిన్ని. వీళ్ళకో ఫారం ఉంది. చావులు ఎన్ని, రక్తం ఉందా, తిట్లు ఉంటే ఏవి (పూర్తిగా రాయవద్దు), ముద్దులు ఎన్ని, ముగింపు సుఖమా దుఃఖమా, ఇలా ఉంటుంది. ఆరో గడిలో "పిల్లల మనసుకు బాధ కలిగించే పేజీలు" రాయాలి. ఏడో గడిలో "పిల్లలకు మేలు చేసే పేజీలు" రాయాలి. ఏడో గడి సాధారణంగా ఖాళీగా ఉంటుంది.

కమిటీకి ఒకే కాపీ వస్తుంది కాబట్టి వంతులవారీగా చదువుతారు. ఎవరికి ఎక్కడ అభ్యంతరం అనిపిస్తే ఆ పేజీకి వాళ్ళ రంగు చీటీ అంటించి, దాని మీద కారణం రాయాలి. మాస్టారిది నీలం, డాక్టరుది గులాబీ, పిన్నిది పసుపు. కారణం లేని చీటీ చెల్లదు. ఈ నిబంధన మాస్టారు పెట్టారు.

ఈసారి వచ్చిన పుస్తకం ఒక యుద్ధ నవల, "నీళ్ళ వరస" అని, రెండువందల పన్నెండు పేజీలు. అట్ట మీద పిల్లబొమ్మ ఉంది, లోపల మాత్రం పిల్లలాట కాదు. చుట్టూ సైన్యం దిగేసిన ఒక ఊరు. ఊరంతటికీ ఒక్క కుళాయి. పదకొండేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ, వాళ్ళ పిన్ని. యాభై ఎనిమిదో పేజీలో నీళ్ళ వరసలో నిలబడ్డ తల్లి మీద గుండు పడుతుంది. అరవై ఒకటో పేజీలో ఆ పిల్లకి తల దువ్వుతూ వాళ్ళ పిన్ని, "అమ్మ వంతెన అవతల ఊరికెళ్ళింది తల్లీ, వంతెన బాగు చెయ్యగానే వచ్చేస్తుంది" అంటుంది. ఆ పిల్ల ఎనభై పేజీల పాటు వంతెనకేసి చూస్తూ ఉంటుంది. నూట నలభై మూడో పేజీలో ఎవరింట్లోనో, ఆ రోజు వాళ్ళమ్మ నీళ్ళకి పట్టుకెళ్ళిన బకెట్ కనబడుతుంది. తరవాత కూడా కథ ఉంది. ఎక్కువ భాగం ఆకలి.

మాస్టారు తొమ్మిది రోజులు చదివారు. డాక్టరు రెండు వారాలు చదివాడు, పేషెంటుకీ పేషెంటుకీ మధ్య. చివరికి పుస్తకం నెమలిపింఛంలా అయి పిన్ని చేతికొచ్చింది.

స్కూల్లో చదివే తీరిక ఉండదు కాబట్టి ఇంటికి తీసుకెళ్ళాలి. ఇంట్లో బుల్లి ఉంది. తల్లి చచ్చిపోయే నవల, తల్లి చచ్చిపోయిన పిల్ల కంట పడితే ఇంకేమైనా ఉందా! పిన్ని బాగా ఆలోచించి దానికి గోధుమరంగు కాగితంతో అట్ట వేసింది. పైన నల్ల ఇంకుతో "సామాన్ల తనిఖీ రిజిస్టరు, రెండో భాగం" అని రాసింది. రెండో భాగం అన్నది తన తెలివితేటలకి తనే మురిసిపోయి చేర్చిన మాట.

మూడు సాయంకాలాలు వంటయ్యాక బల్ల దగ్గర కూర్చుని ఆ రిజిస్టరు చదివింది. బల్లకి అటు పక్కన బుల్లి హోంవర్క్ చేసుకుంది. పిన్ని మధ్యమధ్య లేచి మొహం కడుక్కుని వచ్చింది. పదకొండు చీటీలు పెట్టింది. చదవడం అయ్యేసరికి, ఇది ఎర్ర బిళ్ళే అని తేల్చేసుకుంది. చావులు ఎన్ని ఉన్నాయన్నది కాదు ఆవిడ బాధ. ఇంత జాగ్రత్తగా కాపాడుకొస్తున్న పిల్ల రేపు లైబ్రరీలో ఏ అరలోంచో ఇది లాగి చదివితే? తన చేత్తో అంటించిన పసుపు బిళ్ళ చూసి, పిన్నే చదవమంది కదా అనుకుంటే? ఆరో గడి నిండా పేజీ నంబర్లు రాసింది. పూర్తిగా చెడగొట్టినట్టు కనబడకూడదని ఏడో గడిలో ఒకటి రాసింది. పే. 61, పెద్దల ప్రేమ.

కమిటీ శుక్రవారం ఆఖరి గంట కొట్టాక లైబ్రరీలో కూర్చుంది. పెద్ద బల్ల కాలు విరిగి ఉండడంతో చిన్నపిల్లల బల్ల చుట్టూ చిన్నపిల్లల కుర్చీల్లో సర్దుకున్నారు. ముగ్గురి మోకాళ్ళూ గడ్డాల దాకా వచ్చాయి. ఆ భంగిమలోనే కార్యక్రమం మొదలైంది.

"చావులు పందొమ్మిది," అన్నారు మాస్టారు. "గుర్రంతో ఇరవై. గుర్రాన్ని వెయ్యాలా వద్దా?"

"ఫారంలో చావులు అనే ఉంది. ఎవరివని లేదుగా," అన్నాడు డాక్టరు.

"అలాగైతే కోడి కూడా ఉంది. వందో పేజీలో."

"కోడి వంట కిందకి వస్తుందండీ."

మాస్టారు కాసేపు ఆలోచించి కోడిని వదిలేశారు. గుర్రాన్ని పెన్సిల్‌తో వేసుకున్నారు. ముద్దులు ఒకటి, నుదుటి మీద. తిట్లు ఆరు, అందులో నాలుగు సైన్యాన్ని కాబట్టి మాస్టారు వాటికి అభ్యంతరం చెప్పలేదు.

డాక్టరుకి అసలు కోపమంతా తొంభయ్యో పేజీ మీద ఉంది. అక్కడ ఒక ముసలాయన ఎవరికో పట్టకారుతో పన్ను పీకుతాడు.

"మత్తు లేదు, ఏమీ లేదు. పట్టకారండీ, పట్టకారు! ఇది చదివిన పిల్లలు నా కుర్చీ ఎక్కుతారా? నేను ముందే చెప్తాను కదా వాళ్ళకి, నొప్పి ఉండదమ్మా అని."

"ఉండదా?" అన్నారు మాస్టారు.

"ఉంటుంది. ఉంటుందని చెప్తే నోరు తెరవరు."

"తరవాత రెండోసారి వస్తారా?"

"వాళ్ళ నాన్నలు ఎత్తుకొస్తారు," అన్నాడు డాక్టరు, అందులో తప్పేముందన్నట్టు.

పిన్ని కలగజేసుకుంది. "ఇంతకీ ఎరుపేనా? ఎరుపైతే సంతకాలు పెట్టేద్దాం." ఆవిడకి తొందరగా ఆ పుస్తకాన్ని బీరువాలో పడేసి తాళం వెయ్యాలని ఉంది.

"ఎరుపే. కానీ ఏడో గడి చూడండి," అన్నారు మాస్టారు, మూడు ఫారాలూ పక్కపక్కన పెట్టి. "ఈ కమిటీ పుట్టాక మొదటిసారి ముగ్గురం ఒకే మాట రాశాం. అరవై ఒకటో పేజీ. నేను 'ఓదార్పు' అని రాశాను. డాక్టరు గారు 'మంచి అలవాట్లు, తల దువ్వుకోవడం' అని రాశారు. మేడం 'పెద్దల ప్రేమ' అన్నారు. మినిట్స్‌లో ఎక్కించాల్సిన విషయం."

అందరికీ కాస్త గర్వంగా అనిపించింది. మాస్టారు చీటీల లెక్కకి పుస్తకం అందుకున్నారు. లెక్క ఆయనే పెడతారు, ఇంకొకరు పెడితే మళ్ళీ పెడతారు.

"నీలం పందొమ్మిది. గులాబీ ముప్ఫై ఒకటి. పసుపు పదకొండు. తెలుపు ఒకటి." ఆగారు. "తెలుపు ఎవరిది?"

ఎవరిదీ కాదు. నిబంధనల్లో తెలుపు అనే రంగే లేదు.

అది అరవై ఒకటో పేజీలో ఉంది. రూళ్ళ నోట్‌బుక్‌లోంచి చింపిన చిన్న ముక్క, స్కేలు పెట్టి అంచు వంకర పోకుండా చింపింది. చిటికెడు గోధుమపిండి జిగురుతో అతికించి ఉంది. మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని చదివారు.

"'ఇక్కడ పెట్టడం మర్చిపోయారు. కారణం, అబద్ధం.'"

కాగితాన్ని స్కేలు పెట్టి చింపే మనిషి ఆవిడకి తెలిసి ప్రపంచంలో ఒక్కతే. ఆ అక్షరాలు రోజూ ఇంట్లో బల్లకి అటు పక్కన చూస్తున్నవే.

"లైబ్రరీలో ఎవరో దూరారు! తాళం ఎవరి దగ్గర ఉంటుంది మేడం?" అన్నాడు డాక్టరు. ఆయన అలా అడగడంలో దురుద్దేశం ఏమీ లేదు, అడగాల్సింది అదే కదా.

మాస్టారు ఆవిడకేసి చూడలేదు. బుల్లికి లెక్కలు చెప్పేది ఆయనే.

"ఈ చేతిరాత నాకు తెలుసు," అన్నారు మెల్లగా. "ఏడాదిగా ఆ పిల్లతో గొడవ. జవాబు ఒక్కటే రాస్తుంది, ఎలా వచ్చిందో రాయదు. కారణం రాయమ్మా అంటే సరే సార్ అంటుంది, రాయదు. ఇక్కడ రాసింది." తన కాగితం మీద తెలుపు ఒకటి అని వేసుకున్నారు. "కారణం ఉంది కాబట్టి చీటీ చెల్లుతుంది. అరవై ఒకటిని ఏడో గడిలోంచి ఆరో గడిలోకి మార్చాలి. మూడు ఫారాల్లోనూ."

"అబద్ధమేముందండీ అందులో? పిల్ల బాధపడకూడదని చెప్పింది," అన్నాడు డాక్టరు.

"అవును," అన్నారు మాస్టారు. "మనమూ అలాగే అనుకున్నాం."

రేపు శనివారం ఒంటిపూట బడే, మధ్యాహ్నం మళ్ళీ కూర్చుందాం అంది పిన్ని. పుస్తకం సంచిలో పెట్టుకుని లేచింది. కుర్చీ ఆవిడతో పాటే లేచింది, దాన్ని వదిలించుకోవడానికి డాక్టరు సాయం పట్టాల్సి వచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి బుల్లి బల్ల దగ్గర కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటోంది. లాండ్రీ షాపు నుంచి ఇస్త్రీ వాసన వస్తోంది. పిన్ని చెప్పులు విప్పి, సంచిలోంచి పుస్తకం తీసి, గోధుమరంగు అట్ట ఊడదీసి బల్ల మీద పెట్టింది.

"తెల్ల చీటీ నువ్వేనా పెట్టింది?"

"ఊఁ."

"ఎప్పుడు చదివావ్?"

"నువ్వు వంట చేస్తున్నప్పుడు."

"రిజిస్టరని రాశాను కదే పైన!"

"రిజిస్టరు చదువుతూ ఎవరూ ఏడవరు," అంది బుల్లి. వెక్కిరింపేం లేదు. విషయం చెప్పింది అంతే.

పిన్ని కుర్చీలో కూలబడింది. "భయమేసిందా?"

బుల్లి పెన్సిల్ మొన చూసుకుంది. "ముందు చీటీలున్న పేజీలు చదివా. అక్కడ ఏదో ఉంటుందని ముందే తెలుసుగా, కాస్త కళ్ళు చికిలించి చదివా. అవన్నీ బానే ఉన్నాయి. అంటే బాలేదు. కానీ రాసినాయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తరవాత మధ్యలో పేజీలు చదివా. అరవై ఒకటికి చీటీ లేదు కదా, ఏం ఉండదులే అనుకున్నా." పెన్సిల్ పక్కన పెట్టింది. "అక్కడే భయమేసింది."

పిన్ని ఊడదీసిన అట్టని నాలుగు మడతలు పెట్టింది.

ఇక్కడ మనం పదమూడు నెలలు వెనక్కి వెళ్ళాలి. పెద్ద దూరమేం కాదు, ఒక్క ఆదివారం పొద్దుటి సంగతి. అక్క ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ బుల్లి పిన్ని దగ్గరే ఉంది. పిన్ని ఆస్పత్రికి బయల్దేరుతూ ఇదే బల్ల దగ్గర బుల్లికి జడ వేసింది. "ఇవాళ నేనూ వస్తా పిన్నీ" అంది బుల్లి. "ఇవాళ వద్దమ్మా. అమ్మకి నయమవుతోంది, నిద్రపోతోంది. ఎల్లుండి తీసుకెళ్తా" అంది పిన్ని. అప్పటికే డాక్టర్లు ఉన్నదంతా కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశారు. కానీ అక్క మొహం వాచిపోయి ఉంది, ముక్కులో ఒక గొట్టం, చేతికి రెండు. ఆ వయసు పిల్ల చూడదగ్గది కాదు అనుకుంది పిన్ని. సరిగ్గా ఆ మాటే. ఈ వయసు పిల్లలకు తగదు. అప్పటికే మూడేళ్ళుగా ఫారాల కింద రాసి రాసి ఆ మాట చేతికి అలవాటైపోయింది. సాయంత్రం నాలుగింటికి అక్క పోయింది. ఎల్లుండి రాలేదు.

"బుల్లీ," అంది పిన్ని. "ఆ రోజు నీకు జడ వేస్తూ చెప్పాను చూడు, అమ్మకి నయమవుతోందని. నాకు తెలుసు, నయమవడం లేదని. తెలిసే చెప్పాను."

బుల్లి 'సరే' అనలేదు.

"ఇంకోటి ఉంది. అమ్మ నిన్ను అడిగింది. బుల్లి వచ్చిందా అని."

అప్పుడు పదమూడు నెలల తరవాత మొదటి ప్రశ్న వచ్చింది.

"ఎన్నిసార్లు?"

"రెండు," అంది పిన్ని. ఆ మాట బయటికి రాగానే ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇప్పుడు కూడానా! "కాదు. నాలుగు. నాలుగుసార్లు అడిగింది."

"నువ్వేం చెప్పావ్ అమ్మకి?"

పిన్ని ఇన్నాళ్ళూ నోట్లో దాచుకున్నది ఇదే. బుల్లికి చెప్పిన అబద్ధం సగమే. రెండో సగం ఎవరికీ తెలీదు, బావకి కూడా.

"దారిలో ఉందని చెప్పాను. వస్తోంది, బస్సు దొరకలేదేమో అని. నాలుగుసార్లూ అదే చెప్పాను. మూడోసారికి తలుపు వైపు తిరిగి పడుకోబెట్టమంది. పడుకోబెట్టాను." పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకు ఫోన్ చేసి పక్కింటావిడతో పంపించమంటే ఇరవై నిమిషాల్లో వచ్చేదానివి. చెయ్యలేదు. నువ్వు భయపడతావనుకున్నాను. నిజం చెప్పాలంటే, నువ్వు భయపడుతుంటే చూడాలంటే నాకు భయమేసింది."

బుల్లి లేచింది. బల్ల మీద ఉన్న పుస్తకాన్ని తీసి గోడకేసి కొట్టింది. రంగు చీటీలన్నీ ఊడి గది నిండా పడ్డాయి. తరవాత పిన్ని మీద పడి రెండు చేతులతో భుజాల మీద, వీపు మీద, ఎక్కడ అందితే అక్కడ బాదింది. "నాకు బస్సు నంబరు తెలుసు! నేను వచ్చేదాన్ని! నాకు నంబరు తెలుసు!" అని అరిచింది. లాండ్రీ షాపతను ఇస్త్రీ ఆపి ఇటు చూశాడు. పిన్ని చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఎక్కడో ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య బుల్లికి ఏడుపు వచ్చింది. పదమూడు నెలల ఏడుపు అది, చూడ్డానికి బాగుండదు, ముక్కూ నోరూ ఏకమయ్యాయి. పిన్ని దగ్గరికి తీసుకోబోతే తోసేసి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. అన్నానికి పిలిస్తే రాలేదు.

పిన్ని నేల మీద చతికిలబడి ఏడుస్తూనే చీటీలు ఏరింది. అరవై ఒక్క చీటీలూ దొరికాయి. తెల్లది మాత్రం ఊడలేదు, జిగురు గట్టిది.

శనివారం మధ్యాహ్నం కమిటీ మళ్ళీ చిన్న కుర్చీల్లో కూర్చుంది. పిన్ని కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మోచేతి మీద ఒక నల్లటి మచ్చ తేలింది. ఎవరూ అడగలేదు. పసుపు బిళ్ళ వేద్దామంది పిన్ని.

"నిన్న ఎరుపన్నారు కదండీ!" అన్నాడు డాక్టరు.

"నిన్న అన్నాను. తప్పుగా అన్నాను."

"ఇరవై చావులున్నాయి."

"ఉన్నాయి. ఉన్నాయని ముందే చెప్పి ఇద్దాం. మొదటి పేజీలో కాగితం అంటిద్దాం, ఇందులో అమ్మ చనిపోతుంది, చాలామంది చనిపోతారు, చదివాక మాట్లాడాలనిపిస్తే లైబ్రరీ మేడం దగ్గరికి రండి అని."

మాస్టారు లెక్క చూసుకున్నారు. "పన్నెండు నిండిన పాఠకురాలు ఒకామె ఇప్పటికే చదివి, కమిటీ వదిలేసిన తప్పు పట్టింది. నాకు అభ్యంతరం లేదు." గుర్రం పక్కన పెన్సిల్ గీతని ఇంకుతో దిద్దారు.

డాక్టరు పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఆఖరికి, "నిరుడు మీ పాపకి పన్ను పీకాను కదా మేడం. అరవలేదు. పీకాక నోరు పుక్కిలించి, 'మీరు ఉండదన్నారు, ఉంది' అంది. అంతే, వెళ్ళిపోయింది," అన్నాడు. "నాకు ఆ రోజంతా బాగాలేదు." సంతకం పెట్టి, తన గులాబీ చీటీల్లోంచి ఒకటి తీసుకుని జేబులో వేసుకున్నాడు. అందులో ఏం రాసి ఉందో మనకి తెలీదు.

ఇదంతా మధ్యాహ్నం సంగతి. అసలు పొద్దున జరిగింది చెప్పకుండా ఇక్కడిదాకా వచ్చేశాను.

పొద్దున బుల్లి తనంతట తనే తలుపు తీసింది. కళ్ళు రెండూ వాచిపోయి ఉన్నాయి. దువ్వెన తెచ్చి బల్ల మీద టప్పున పెట్టి, పిన్నికి వీపు చేసి కూర్చుంది. పిన్ని చిక్కు తియ్యడం మొదలెట్టింది. ఏడ్చి పడుకున్న తల, జుట్టంతా ఉండలు కట్టింది.

కొంతసేపయ్యాక బుల్లి గోడకేసి చూస్తూనే, "అమ్మ ఇంకేమైనా అడిగిందా?" అంది.

"నీ బూట్లు తడిసిపోయాయి కదా, ఎండబెట్టావా అని అడిగింది."

"ఎండబెట్టావా?"

"లేదు. మర్చిపోయాను."

"అమ్మకి ఏమని చెప్పావ్?"

"ఎండబెట్టానని చెప్పాను."

బుల్లి ఊపిరి గట్టిగా వదిలింది. పిన్ని మెడ దగ్గరున్న పెద్ద చిక్కు పట్టుకుని లాగింది.

"అబ్బా! నొప్పి పిన్నీ! చూసుకుని దువ్వలేవా?"

పిన్ని చెయ్యి ఆగిపోయింది. ఆ మాట వినక పదమూడు నెలలైంది. ఇంత సంతోషం వేస్తుందని ఆవిడ అనుకోలేదు, కళ్ళ నీళ్ళకి ఎదురుగా ఉన్న జుట్టు కనబడటం మానేసింది.

"నొప్పి ఉంటుంది," అంది. "పెద్ద చిక్కు పడింది. ఇంకా నాలుగున్నాయి. కాస్త ఓర్చుకో."

"ఓర్చుకోను. మెల్లగా దువ్వు."

పిన్ని మెల్లగా దువ్వింది. ఆ రోజు ఇద్దరూ స్కూలుకి పావుగంట ఆలస్యంగా వెళ్ళారు.